పెరిగే పిల్లకి స్కీ బూట్లు పెద్ద సైజువి కొనొచ్చా? స్కీలు ఎంత పొడవుండాలి?

ఎడిసన్ నాన్న:
అందరికీ నమస్కారం. మాది న్యూజెర్సీ. మా అమ్మాయికి 11 ఏళ్ళు, స్కీయింగ్ మొదలుపెట్టాక ఇది నాలుగో చలికాలం. పెన్సిల్వేనియాలోని పోకనోస్ కొండల్లో నేర్చుకుంది, ఏడాదికి రెండుసార్లు వెర్మాంట్ తీసుకెళ్తాం. బ్లూ రన్లన్నీ (మధ్యస్థం కష్టమున్న దారులు) రెండు స్కీలూ పక్కపక్కనే ఉంచి చక్కగా దిగుతుంది, పోయిన మార్చిలో బ్లాక్ రన్ (బాగా కష్టమైనది) కూడా రెండుసార్లు దిగింది. ఎత్తు 146 సెంటీమీటర్లు, బరువు 37 కిలోలు, పాదం 22.7 సెంటీమీటర్లు. ఇన్నాళ్ళూ సీజన్ రెంటల్ మీదే నడిపాం, ఈసారి కొందామని సేల్‌లో 24.5 సైజు బూట్లు, 70 ఫ్లెక్స్‌వి (బూటు ఎంత బిరుసో చెప్పే అంకె) తెచ్చాను, ఇంకా ట్యాగ్ తీయలేదు. స్కీలు 150 సెంటీమీటర్లవి చూసి పెట్టాను. రెండూ కనీసం రెండేళ్ళు రావాలని నా లెక్క. మా ఆవిడ మాత్రం ఇప్పుడు సరిపోయేవే కొనాలంటోంది. పాప అయితే బూట్లు వేసుకుని హాయిగా ఉన్నాయంది. మీరేమంటారు?

బౌల్డర్ అమ్మ:
ట్యాగ్ తీయకపోవడం మంచిదైందండీ, వెనక్కి ఇచ్చేయండి. స్కీ బూటు సైజు అంటే సెంటీమీటర్లలో పాదం పొడవే. 22.7 పాదానికి 24.5 అంటే దాదాపు రెండు సెంటీమీటర్లు ఎక్కువ. పాప హాయిగా ఉన్నాయందని సంతోషించకండి. సరైన బూటు షాపులో మొదటిసారి వేసుకున్నప్పుడు పిల్లలు బిగుతుగా ఉందనే అంటారు. నిటారుగా నిలబడితే వేళ్ళ కొసలు ముందు తగలాలి, మోకాళ్ళు వంచి ముందుకు వాలితే వేళ్ళు కాస్త వెనక్కి రావాలి, మడమ మాత్రం లేవకూడదు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగేసి, ఉత్త ప్లాస్టిక్ షెల్‌లో పాపని పాదం పెట్టమనండి, వేళ్ళు ముందుకి ఆనించాలి, అప్పుడు మడమ వెనక ఎంత ఖాళీ ఉందో మీ వేళ్ళు పెట్టి చూడండి. ఒకటిన్నర సెంటీమీటర్లుంటే బాగున్నట్టు. పెరిగే పిల్లలు కాబట్టి రెండు దాకా సరే. అది దాటితే పెద్దదే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా వాడికి తొమ్మిదేళ్ళప్పుడు మేం ఇదే చేశాం. ఆ సీజనంతా వాడు వెనక్కి కూర్చుని దిగాడు. కోచ్ ముందుకి వాలమని చెప్పి చెప్పి అలిసిపోయారు, వీడికేమో తొడలు మండిపోయి మధ్యాహ్నానికి ఏడుపు. పాదం లోపల జారుతోందని బకుల్స్ ఆఖరి పన్ను దాకా బిగించేవాళ్ళం, దాంతో రక్తం ఆడక వేళ్ళు మొద్దుబారేవి, అది చలి వల్ల అనుకుని రెండో జత సాక్సులు తొడిగాం, అప్పుడు ఇంకా బిగిసిపోయింది. వాడు మాట వినట్లేదనుకుని మేమూ కేకలేశాం. మరుసటి ఏడు సరైన సైజు వేశాక మూడో రోజుకే ముందుకి వాలాడు. ఆ కేకలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

సియాటిల్ బాబాయ్:
24.5 మరీ ఎక్కువ, అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ అంత కచ్చితంగా కొలిచి కొనాలనడం రేసింగ్ పిల్లల సంగతి. ఏడాదిలో ఒక సైజు పెరగడం మామూలే. ఇద్దరు పిల్లలుంటే ఏటా కొత్త బూట్లు, కొత్త స్కీలు, పైన లిఫ్ట్ టికెట్లు, ఎన్ని ఇళ్ళలో కుదురుతుంది? మా అక్కకి పరికిణీ కుట్టిస్తే అమ్మ కింద రెండు టక్కులు పెట్టించేది, ఏడాదికొకటి విప్పేది. అలా పెరిగిన వాళ్ళమే మనం. ఖర్చుకి భయపడి పిల్లలు కొండకే వెళ్ళకపోవడం కన్నా కాస్త వదులు బూటు నయమని నా గట్టి నమ్మకం.

స్కీలకొస్తే, మా స్నోక్వాల్మీ, స్టీవెన్స్ పాస్ వైపు మంచు తడిగా, బరువుగా పడుతుంది, సన్నటి స్కీ అందులో కూరుకుపోతుంది. మా పిల్లలకి నడుము (స్కీ మధ్యలో వెడల్పు) 85 మిల్లీమీటర్లున్నవి కొన్నాం, చెట్ల మధ్య కూడా దిగుతున్నారు. ఆ అమ్మాయి బ్లాక్ దిగుతోంది కదా, 150 ఎందుకు వద్దు?

కొండ మీది శనివారాలు:
వెర్మాంట్‌లో శనాదివారాలు పిల్లలకి నేర్పుతాను, ఆరేళ్ళ నుంచీ. సియాటిల్ అన్నగారి మాట అక్కడి మంచుకి నిజం, మా వైపుకి నప్పదు. ఇక్కడ ఓ రోజు వాన పడుతుంది, రాత్రికి గడ్డకడుతుంది, పొద్దున్నే రన్ అంతా గట్టిగా నున్నగా ఉంటుంది. అక్కడ పిల్లని నిలబెట్టేది స్కీ అంచు. నడుము వెడల్పయ్యే కొద్దీ స్కీని అంచు మీదకి ఒరిగించడానికి ఎక్కువ శ్రమ, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మారడానికి ఎక్కువ సమయం. 37 కిలోల పిల్లకి 85 ఇస్తే అంచు మీద దిగడం నేర్చుకునే వయసులో జారుతూ దిగడం అలవాటవుతుంది. తూర్పు కొండలకి నడుము 68 నుంచి 75 మధ్య చూడండి.

150 అంటే పాప తలే దాటిపోతుంది. ఈ స్థాయికి ముక్కుకీ నుదుటికీ మధ్య రావాలి, అంటే మీ పాపకి 135 నుంచి 140. స్కీ వంగితేనే మలుపు తిరుగుతుంది, దాన్ని వంచేది పిల్ల బరువే, అందుకే ఎత్తు ఒక్కటే చూడకుండా బరువు కూడా చూడాలి. ఆ 150వి పెద్దవాళ్ళ మోడల్ అయితే ఇంకా బిరుసుగా ఉంటాయి, పాప వాటిని వంచలేక తోసుకుంటూ తిప్పుతుంది. దిగగలదు, కాదనను. కానీ నేర్చుకున్నది పోతుంది.

ఇంకో మాట, అంచులు పదును పెట్టించండి. పిల్లల స్కీలు సీజనంతా ఎవరూ ముట్టుకోరు, నా క్లాసులో సగం మంది మొద్దుబారిన అంచులతోనే వస్తారు, గడ్డమంచు మీద వాళ్ళ మొహాల్లో భయం చూడలేక చెప్తున్నాను.

బౌల్డర్ అమ్మ:
బాబాయ్ గారూ, టక్కు వేసిన పరికిణీ నడుము దగ్గర సరిగ్గానే ఉంటుంది, పొడవు మాత్రమే దాచిపెడతారు. బూటులో అలా దాచే చోటు లేదండీ. కానీ డబ్బు గురించి మీరన్నది నాకు తెలుసు, మేమూ అలాగే లెక్కపెట్టుకున్న వాళ్ళమే. దానికి దారి ఉంది. చాలా కంపెనీల్లో 23, 23.5 రెండిటికీ షెల్ ఒకటే, లోపలి అట్టలోనూ లైనర్‌లోనూ కాస్త తేడా. 22.7 పాదానికి ఆ షెల్ కొంటే పెరగడానికి చోటు అందులోనే ఉంది. స్కీలు రెంటల్‌లో తీసుకోండి. స్కీ పొడవు అయిదు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా పిల్ల సర్దుకుంటుంది, బూటు విషయంలో సర్దుకోలేదు.

ఎడిసన్ నాన్న:
ఇప్పుడే లైనర్ తీసి చూశాను. మడమ వెనక రెండు వేళ్ళు పట్టాయి, మూడోది కూడా సులువుగా దూరింది. మా ఆవిడ పక్కనే ఉంది, ఆమె చెప్పిందే సరైంది. రేపు తిరిగి ఇచ్చేస్తాను. మరి ఫ్లెక్స్ 70 సరేనా? మా కజిన్ ఇంట్లో 12 ఏళ్ళ నాటి స్కీలు, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్స్‌తో సహా ఖాళీగా ఉన్నాయి, అవి వాడొచ్చా?

కొండ మీది శనివారాలు:
ఫ్లెక్స్ అంకె ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, దాన్ని పట్టుకుని కొనకండి. బకుల్స్ పెట్టాక చీలమండ ముందుకి వంచమనండి, పాప బరువుకి బూటు కాస్త వంగాలి. షాపులో వెచ్చగా ఉంటుంది, బయట చలికి ప్లాస్టిక్ బిగుసుకుంటుంది, అందుకని లోపలే కష్టంగా వంగితే వద్దు. ఈ బరువుకి 60 దగ్గర మొదలుపెట్టి చూడండి.

కజిన్ వాళ్ళ స్కీలు మాత్రం ముందు షాపులో చూపించండి. తయారీదారు తాము బాధ్యత వహించే జాబితాలోంచి తీసేసిన పాత బైండింగ్స్‌ని షాపు వాళ్ళు సెట్ చేయరు. చేయనంటే ఇంకెవరి దగ్గరికీ తీసుకెళ్ళకండి, స్క్రూడ్రైవర్‌తో మీరూ తిప్పకండి. పడినప్పుడు బూటు ఎంత బలానికి విడిపోవాలన్నది పిల్ల వయసు, ఎత్తు, బరువు, ఎలా దిగుతుంది, బూటు అడుగు పొడవెంత అన్నవి చూసి పెడతారు. బూటు మారితే అడుగు పొడవూ మారుతుంది, మళ్ళీ సెట్ చేయించాల్సిందే. పాప బాగా దిగుతుందన్న గర్వంతో షాపు ఫారంలో వేగంగా దిగే రకం అని టిక్కు పెట్టకండి, బైండింగ్ విడిపోయే బలం అంకె పెరుగుతుంది, పడినప్పుడు స్కీ ఊడదు, కాలి ఎముక విరిగిన పిల్లని కిందికి దించడం నేను చూశాను. అలాగే పిల్లల బూట్ల అడుగు వేరు, పెద్దవాళ్ళది వేరు, ఈ సైజు దగ్గరే అది మారుతుంది. ఏ బూటు కొన్నా ఆ బైండింగ్‌కి పనికొస్తుందా అని అడగండి.

సియాటిల్ బాబాయ్:
షెల్ ఒకటే అన్న సంగతి నాకు తెలీదు, ఈ రాత్రికే మా వాళ్ళ బూట్లు విప్పి చూస్తాను. స్కీలు రెంటల్ అన్నది కూడా బాగుంది. వెడల్పు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను, ఈ తడి మంచులో ఓసారి మీ క్లాసు పిల్లల్ని దింపి చూస్తే మీకే తెలుస్తుంది.

ఎడిసన్ నాన్న:
శనివారానికి బూట్ ఫిట్టర్ దగ్గర టైమ్ తీసుకున్నాను. స్కీలు 138వి సీజన్ రెంటల్‌కి మాట్లాడాను. అందరికీ చాలా థ్యాంక్స్.

బౌల్డర్ అమ్మ:
పలచటి సాక్సు ఒక్కటే వేసి తీసుకెళ్ళండి, పొడుగ్గా మోకాలి కింద దాకా వచ్చేది. లోపల ప్యాంటు అంచు బూట్లోకి పోకుండా చూడండి. ముందురోజు కాలి గోళ్ళు కత్తిరించండి, లేకపోతే గోరు తగిలి నొప్పంటే సైజు చిన్నదనుకుని మళ్ళీ పెద్దది ఇచ్చేస్తారు.