రాకా రోలా: పాత మిక్స్ కొనాలా, 2024 రీమిక్స్ కొనాలా?

హెవీ మెటల్ బ్యాండ్ జూడాస్ ప్రీస్ట్ మొదటి ఆల్బమ్ 'రాకా రోలా' రికార్డు కొందామనుకుంటున్నాను. రెండు రూపాలూ విన్నవాళ్లు సలహా ఇవ్వగలరా?

1974లో గల్ రికార్డ్స్ విడుదల చేసిన ఆల్బమ్ ఇది. నిర్మాత రాడ్జర్ బెయిన్. బరువైన సౌండ్‌కు పేరున్న బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌లు చేసింది కూడా ఆయనే. అయినా ఇందులో ఆ బరువు లేదు, గిటార్లు పల్చగా, ఎక్కడో దూరంగా వినిపిస్తాయి. ఆ సౌండ్ బ్యాండ్‌కే నచ్చలేదు. 50 ఏళ్ల సందర్భంగా 2024లో టామ్ ఆలమ్ దీన్ని మళ్లీ మిక్స్ చేశారు, అంటే పాత రికార్డింగ్‌లోని గొంతు, వాద్యాల పాళ్లు మళ్లీ కలిపారు. ఈ బ్యాండ్‌దే 'బ్రిటిష్ స్టీల్' ఆల్బమ్‌కు ఆయనే నిర్మాత కదా, అందుకే ఆశ పుట్టింది.

నాకు ప్రాణం 'రన్ ఆఫ్ ద మిల్'. ఎనిమిది నిమిషాలు దాటిన పాట, చివర్లో గాయకుడు హాల్‌ఫోర్డ్ గొంతు ఎత్తుకునే తీరు వింటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. రీమిక్స్‌లో ఆ భాగం ఎలా ఉంది? డ్రమ్స్, బేస్ నిజంగా నిండుగా వినిపిస్తున్నాయా, లేక వాల్యూమ్ మాత్రమే పెరిగిందా? బ్లూస్ వాసన ఉన్న ఆ డెబ్బైల నాటి మెత్తదనం పోయిందంటే మాత్రం నేను పాతదే వెతుక్కుంటాను. అలాగైతే సెకండ్ హ్యాండ్‌లో ఏ ప్రెస్సింగ్ (ఏ విడతలో అచ్చయిన రికార్డు) మంచిదో కూడా చెప్పండి, ప్లీజ్.