డిసెంబర్ దెయ్యాల కథల సాయంత్రం: ఎవరు ఏ కథ చదువుతారు?

సాహిత్య విభాగం: అందరికీ నమస్కారం. డిసెంబర్ రెండో శనివారం సాయంత్రం 5 నుంచి 8 దాకా హాల్ ఖాయమైంది. పాత సంకలనాల్లోంచి మూడు కథలు చదువుదామనుకున్నాం కదా, వాటిలో ఇంగ్లీషు రచయిత చార్లెస్ డికెన్స్ రాసిన ‘ది సిగ్నల్‌మ్యాన్’ తప్పకుండా ఉండాలని నా కోరిక. దాని వెనక మనం ఉంటున్న ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతం ఉంది. ఆష్‌ఫర్డ్ నుంచి లండన్ వెళ్తూ స్టేపుల్‌హర్స్ట్ స్టేషన్ మీదుగా ఎన్నిసార్లు వెళ్లామో! 1865 జూన్ 9న అక్కడ వంతెన బాగుచేయడానికి పట్టాలు ఊడదీశారు. రైలు ఎన్నింటికొస్తుందో మేస్త్రీ టైంటేబుల్లో తప్పు చూసుకున్నాడు. రైలు పట్టాలు తప్పి పదిమంది చనిపోయారు. ఆ రైల్లోంచి బయటపడిన డికెన్స్ తన టోపీతో నీళ్లు తెచ్చి గాయపడినవాళ్లకు పట్టాడు. ఆ తర్వాత ఆయనకు రైలెక్కాలంటేనే వణుకు. మరుసటి ఏడాది క్రిస్మస్‌కి ఈ కథ వచ్చింది. చివరికి ఆయన పోయింది కూడా జూన్ 9నే, 1870లో.

హాల్, లైట్లు: అక్కా, కొవ్వొత్తులకు హాల్ వాళ్లు ఒప్పుకోవడం లేదు. బ్యాటరీ దీపాలు ఓ ఇరవై తెస్తాను. స్పీకర్లో గాలి హోరు, తలుపు కొట్టిన చప్పుడు పెడదామా?

సాహిత్య విభాగం: దీపాలు చాలు తమ్ముడూ, చప్పుళ్లు వద్దు. దెయ్యాల కథల రచయిత ఎం. ఆర్. జేమ్స్ కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీలో క్రిస్మస్ రాత్రుల్లో స్నేహితులకు తన కథలు తనే చదివి వినిపించేవాడు. కొవ్వొత్తి వెలుగు, ఒక గొంతు, అంతే. కరెంటు పోయిన రాత్రి అమ్మమ్మ చెప్పిన కథకు మనం ఎలా ముడుచుకుపోయేవాళ్లమో గుర్తుందా? మనం చదవబోయే ఇంకో కథ ‘ది మంకీస్ పా’ (కోతి చెయ్యి)లో తలుపు అవతల ఎవరున్నారో రచయిత చూపించడు. స్పీకర్లో దబదబా మోగిస్తే ఆ తలుపు మనమే తీసేసినట్టు అవుతుంది.

భోజనాలు: వదినా, మా అత్తమామలు ఆరు నెలలకని వచ్చారు. అలాంటి పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. మొత్తం ఇంగ్లీషే అయితే వాళ్లు ఎలా కూర్చుంటారు?

సాహిత్య విభాగం: మంచి మాట గుర్తుచేశావు. అయితే ‘ది మంకీస్ పా’ తెలుగులోనే చదువుదాం. 1902 నాటి కథ. రచయిత జేకబ్స్ 1943లో పోయాడు, ఇక్కడి కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక ఉండే 70 ఏళ్ల గడువు దాటింది, అనువాదానికి అనుమతి అక్కర్లేదు. ఇండియాలో పనిచేసి వచ్చిన సార్జెంట్ మేజర్, ఫకీరు మంత్రించిన కోతి చెయ్యి, మూడు కోరికలు. కోరిక అనే బదులు ‘వరం’ అంటే మనవాళ్లకు ఇట్టే అందుతుంది. అడిగిన 200 పౌన్లు ఇంటికొచ్చే తీరు చదివితే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. దయచేసి ఫ్లైయర్లో కథ బయటపెట్టకండి.

పిల్లల విభాగం: పదేళ్లలోపు వాళ్లకు పక్క గదిలో బొమ్మలు వేయిస్తాను. పెద్ద పిల్లలు హాల్లో ఉండొచ్చా అక్కా?

సాహిత్య విభాగం: ఉండాలి! సాకీ అనే రచయిత రాసిన ‘ది ఓపెన్ విండో’ పది నిమిషాల కథ, దాంతోనే మొదలుపెడదాం. ఇంటికొచ్చిన అతిథికి కథ చెప్పి హడలగొట్టే పదిహేనేళ్ల అమ్మాయి అందులో ఉంది. మన పిల్లల్లో ఆ వయసు అమ్మాయి ఎవరైనా చదువుతానంటే నాకు చెప్పండి. ‘సిగ్నల్‌మ్యాన్’ గట్టిగా చదివితే నలభై నిమిషాలు పట్టింది, అందుకే ఇద్దరు కావాలి, మగ గొంతులైతే మేలు. తెలుగు అనువాదం ఆదివారం కల్లా ఇక్కడ పెడతాను. పెద్దక్షరాల్లో ప్రింట్ తీయించే పని ఎవరు తీసుకుంటారు? దీపాల వెలుగులో చదవాలి మరి.