అప్‌డేట్: రగ్బీ ఊళ్లో మా మొదటి చలికాలం గడిచింది

పోయిన వేసవిలో మిమ్మల్ని ఒక మాట అడిగాను. కాన్రాడ్ వేవర్ కింద (డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే, J-1 వీసా మీద వచ్చిన విదేశీ డాక్టర్లు రెండేళ్లు స్వదేశానికి తిరిగి వెళ్లాలన్న షరతును అమెరికా మాఫీ చేసే పద్ధతి) మా వారికి అమెరికాలో నార్త్ డకోటా రాష్ట్రంలోని రగ్బీ అనే ఊళ్లో డాక్టరు ఉద్యోగం వచ్చింది, మూడేళ్లు అక్కడే చేయాలి, నాలుగేళ్ల పాపతో వెళ్లొచ్చా అని. చాలామంది వద్దన్నారు. అయినా వచ్చాం.

2020 లెక్కల్లో ఊరి జనాభా 2,509. మన దగ్గరైతే ఓ మోస్తరు పల్లె. కానీ పియర్స్ కౌంటీకి ఇదే కేంద్రం, కోర్టు ఇక్కడే. చుట్టుపక్కల రైతులు పనులకు ఇక్కడికే రావాలి. అందుకే మా వారు చూసే పేషెంట్లలో చాలామంది దూరం నుంచి వచ్చేవాళ్లే. ఆయన లేకపోతే వాళ్లు వంద కిలోమీటర్ల అవతల మైనాట్‌కి పోవాలి. ఇది తెలిశాక నా టెన్షన్ సగం తగ్గింది.

చలి గురించి మీరు చెప్పింది నిజమే. రాత్రిపూట కారు ఇంజన్ హీటర్‌కి ప్లగ్ పెట్టకపోతే పొద్దున బండి కదలదు. మొదటిసారి పెద్ద మంచు పడ్డప్పుడు మేం లేచేసరికే పక్కింటి పెద్దాయన మా వాకిలి శుభ్రం చేసేశారు. నాకు ఏడుపొచ్చింది.

ఉత్తర అమెరికా ఖండానికి నడిమధ్య ఈ ఊరికి దగ్గర్లోనే ఉందని 1931లో లెక్కగట్టారట. హైవే పక్కన దానికో రాళ్ల స్తంభం ఉంది. వీడియో కాల్‌లో చూపిస్తే మా అత్తమ్మ "ఖండానికే బొడ్రాయి" అన్నారు. పాప ఇప్పుడు దాన్ని అదే పేరుతో పిలుస్తోంది.

కందిపప్పు, చింతపండు ఆన్‌లైన్‌లో తెప్పిస్తున్నాం. తాజా కరివేపాకుకే ఇబ్బంది. కిటికీ దగ్గర కుండీలో మొక్క పెట్టాను, నాలుగు ఆకులేసింది.