లావుకు కారణం ఇన్సులినా, ఎక్కువ తిండా?

రావులపాలెం రైతు: మా బావ అన్నం పూర్తిగా మానేశాడు. లావు ఇన్సులిన్ వల్లే వస్తుంది, ఎంత తిన్నామన్నది లెక్కే కాదంటాడు. మా అమ్మేమో ఆత్రేయపురం పూతరేకులు బెల్లంతో చేసినవైతే ఎన్ని తిన్నా పర్లేదంటుంది. ఇంట్లో రోజూ ఇదే గొడవ. ఎవరిది నిజమండీ?

భీమవరం మిత్రుడు: మీ బావగారిదే. ఇన్సులిన్ అంటే రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే హార్మోన్. అది ఎక్కువగా ఉన్నంతసేపూ ఒంట్లో కొవ్వు కరగదు. ఇన్సులిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక బరువు పెరిగిన షుగర్ పేషెంట్లు ఎంతమంది లేరు! అన్నం, స్వీటు తింటే ఇన్సులిన్ పెరుగుతుంది. మనమేమో మూడు పూటలా తెల్లన్నం, పైన స్వీటు. ఇంకేం కరుగుతుంది?

తణుకు టీచర్: కొవ్వు కరగకుండా ఇన్సులిన్ ఆపుతుంది, నిజమే. కానీ బరువు తగ్గడానికి ఇప్పుడు వాడుతున్న సెమాగ్లూటైడ్ అనే మందు సంగతి చూడండి. రక్తంలో చక్కెర పెరిగినప్పుడు అది ఇన్సులిన్‌ను ఇంకా ఎక్కువగా విడుదల చేయిస్తుంది. అయినా మనిషి తగ్గుతాడు, ఎందుకంటే ఆకలి తగ్గి తిండి తగ్గుతుంది. ఇక తిండి లెక్క కాదని ఎలా అంటాం? 2018లో వచ్చిన అమెరికా స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీ అధ్యయనంలో 609 మందిలో కొందరికి కొవ్వు, మిగతావారికి పిండిపదార్థాలు తగ్గించి ఏడాది చూశారు. సగటున వరుసగా 5.3 కిలోలు, 6 కిలోలు తగ్గారు. చెప్పుకోదగ్గ తేడా లేదు.

అమ్మగారి మాట మాత్రం నాకు ఎక్కువ టెన్షన్ పెడుతోంది. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండేదే. అందులో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ ఎక్కువైతే కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. ఫ్యాటీ లివర్‌కు అదొక దారి. రోజుకు ఆరు చెంచాల చక్కెర లోపలే ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. రెండేసి చెంచాలతో నాలుగు టీలు తాగితేనే అది దాటిపోతుంది, పూతరేకు ముట్టకుండానే.

అమలాపురం ఆడపడుచు: మా నాన్నగారు సన్నగానే ఉంటారు, అయినా షుగర్ వచ్చింది. ఇలాంటివాళ్ల సంగతేంటండీ?

తణుకు టీచర్: అసలు భయపడాల్సింది అక్కడేనమ్మా. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్టలో కొవ్వు చేరడం మనవాళ్లలో ఎక్కువ. అందుకే నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. కాటా చూసి ధీమాగా ఉండొద్దు, టేపు పెట్టి కొలవండి.

భీమవరం మిత్రుడు: అయినా నా మాట నాదే. షుగర్ ఉన్నవాళ్లు అన్నం తగ్గిస్తే రక్తంలో చక్కెర తగ్గుతుంది. బావగారిని మళ్లీ తినమనకండి.

తణుకు టీచర్: అనట్లేదండీ, తగ్గించడం మంచిదే. కానీ షుగర్ మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ డోసు మార్చకుండా ఒక్కసారిగా అన్నం మానేస్తే చక్కెర మరీ పడిపోయి స్పృహ తప్పొచ్చు. ముందు డాక్టరుకు చెప్పాలి. రైతుగారూ, మీ బావగారు ఏమైనా మందులు వాడుతున్నారా?