అప్‌డేట్: యమహా ఆర్15 బైకు రకాల్లో ఎస్, వీ4, ఎం - పర్లాకిమిడి (ఒడిశా) వాడకానికి ఏది తేలిందంటే

మొదట అడిగింది: రోజూ పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం, అప్పుడప్పుడు మహేంద్రగిరి ఘాటీ, వెనక సీట్లో ఒకరు, మూడింటిలో ఏది? మామూలు వీ4 ఖాయం చేశాను. సలహాలిచ్చిన అన్నలందరికీ దండాలు.

ఇంజను మూడింటికీ ఒకటే 155 సీసీ, వీవీఏ (ఇంజను వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు) 7,400 ఆర్‌పీఎం దగ్గర అందుకుంటుంది. కాబట్టి పికప్ కోసం ఎం తీసుకోవడం దండగ. ఎంలోని క్విక్‌షిఫ్టర్ (క్లచ్ పట్టకుండా గేరు మార్చేది) గేర్లు పైకి వేయడానికే. ఘాటీ దిగేటప్పుడు కావలసింది కిందికి, దానికి క్లచ్ పట్టాల్సిందే.

వెనక మనిషి రోజూ ఉంటే మాత్రం ఎస్ మేలు, సీటు ఒకే ముక్క. కానీ దానికి ట్రాక్షన్ కంట్రోల్ (వెనక చక్రం జారకుండా ఆపేది) లేదు, ముందు ఫోర్కు మామూలుది; వీ4కి రెండూ ఉన్నాయి, ట్రాక్షన్ కంట్రోలూ, తలకిందుల ఫోర్కూ. వానాకాలం ఘాటీ మలుపుల్లో వీ4కే నా ఓటు.

వీ4 తీసుకునేవాళ్లకు ఒక మాట. తలకిందుల ఫోర్కులో మెరిసే రాడ్డు కింద, చక్రం పక్కనే ఉంటుంది. ఎర్రమట్టి ఎండి అంటుకుంటే లోపలి ఆయిల్‌ని ఆపే రబ్బరు సీలు కోసుకుపోయి ఆయిల్ కారుతుంది. బురదలో తిరిగొచ్చాక తడిగుడ్డతో తుడవాలి, ప్రెషర్ వాటర్ సీలు మీద కొట్టించకూడదు.

బండి శ్రీకాకుళంలో కొన్నా టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) మీద తెచ్చి ఇక్కడే ఒడిశా ఓడీ20 నంబరు వేయించడం మంచిది. ఆంధ్రా నంబరుతో ఇక్కడ 12 నెలలు దాటితే అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), మళ్లీ ఇక్కడి ట్యాక్సు, అక్కడి రీఫండు... అదో తిరుగుడు.