స్టార్టింగ్‌లో ఓవర్‌లోడ్ రిలే ట్రిప్: డయల్ పెంచెయ్యడం సరైనదేనా?

బ్లోయర్ రూమ్:
22 కిలోవాట్ల మోటార్, నేమ్‌ప్లేట్ మీద 40 ఆంప్స్. డీఓఎల్ స్టార్టర్ (మోటార్‌కు పూర్తి వోల్టేజిని నేరుగా ఇచ్చేది), సెంట్రిఫ్యూగల్ బ్లోయర్ (చక్రం తిరిగి గాలి తోసేది). క్లాస్ 10 థర్మల్ ఓవర్‌లోడ్ రిలే (ఎక్కువ కరెంటుకు వేడెక్కి ట్రిప్ అయి మోటార్‌ని ఆపేది; క్లాస్ అంటే ఎంత త్వరగా ట్రిప్ అవుతుందన్నది), 40 మీద సెట్ చేసి ఉంది. ఆన్ చేసిన తొమ్మిది సెకన్లకు, స్పీడ్ పూర్తిగా అందుకోకముందే ట్రిప్ అవుతోంది. డయల్ 46కి తిప్పితే స్టార్ట్ అయిపోతోంది. అలాగే వదిలెయ్యమని పైవాళ్లు అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేమంటారు?

లైన్ మెయింటెనెన్స్:
వదిలెయ్యండి. రన్నింగ్‌లో ఎంత తీసుకుంటోంది? 34, 35 అయితే 46లో పెట్టినా మోటార్‌కు వచ్చిన నష్టం లేదు. ప్రతి ట్రిప్‌కీ ప్లాంట్ ఆగుతుంటే సమాధానం చెప్పుకోవాల్సింది మనమే.

రీవైండింగ్ షాపు:
నష్టం ఈ రోజు కనిపించదు. సెట్టింగ్‌కు 1.2 రెట్లు కరెంటు పోతే రెండు గంటల్లోపు రిలే ట్రిప్ కావాలి, 1.05 రెట్ల దగ్గర ట్రిప్ కాకూడదు. 40లో ఉంటే 48 ఆంప్స్‌కి మోటార్ ఆగుతుంది. 46లో పెట్టారా, అదే 48 ఆంప్స్ రోజంతా పోయినా రిలే కదలదు. వేడి కరెంటు వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది కాబట్టి వైండింగ్‌లో వేడి 44 శాతం ఎక్కువ. రేపు బేరింగ్ బిగిసినా, ఫేజుల మధ్య వోల్టేజి తేడా వచ్చినా కాపాడేది ఏముంది? మా బల్ల మీదకొచ్చే డెల్టా (మూడు ఫేజుల కాయిల్స్ త్రికోణంలా కలిపిన) మోటార్లలో ఒక ఫేజు కాయిల్స్ మాత్రం మాడి బొగ్గైపోయి, మిగతా రెండూ వార్నిష్ మెరుపు కూడా తగ్గకుండా ఉంటాయి. సింగిల్ ఫేజింగ్‌లో, అంటే ఒక ఫేజు సప్లై పోయినా ఆగకుండా నడిచిందని చూడగానే తెలుస్తుంది. అలాంటప్పుడు రిలే డయల్ ఎక్కడుందని అడిగితే చాలాసార్లు చివరి గీత దగ్గరే ఉంటుంది.

ప్యానెల్ బిల్డర్:
డయల్ ముట్టుకోకూడదన్న మాట నిజం. కానీ ఇక్కడ రిలే చెడిపోలేదు. క్లాస్ 10 అంటే చల్లగా ఉన్నప్పుడు సెట్టింగ్‌కు 7.2 రెట్ల కరెంటు దగ్గర 4 నుంచి 10 సెకన్లలో ట్రిప్ అవ్వాలి. మీ బ్లోయర్‌ది బరువు చక్రం, స్పీడ్ ఎక్కడానికి టైమ్ పడుతుంది. సెట్టింగ్ 40లోనే ఉంచి క్లాస్ 20 రిలే వేసుకోండి, దానికి 6 నుంచి 20 సెకన్ల దాకా అవకాశం ఉంది.

రీవైండింగ్ షాపు:
అంత తొందరెందుకు? ఇదే మోటార్ ఇదే రిలేతో ఇంతకుముందు ఎక్కేదా, లేదా? ఎక్కేదైతే మారింది రిలే కాదు. స్టార్టింగ్‌లో మోటార్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజి చూడండి, సబ్‌స్టేషన్‌లో కాదు. టార్క్ (మోటార్ తిప్పే బలం) వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 10 శాతం పడితే టార్క్ 19 శాతం పోతుంది.

లైన్ మెయింటెనెన్స్:
సరే, డయల్ వద్దు. మరి టైమర్‌తో స్టార్టింగ్ వరకు రిలేని బైపాస్ చేస్తే? చాలాచోట్ల చేస్తారు కదా.

ప్యానెల్ బిల్డర్:
చేస్తారు, నేను మాత్రం ఒప్పుకోను. రోటర్ బిగుసుకుపోతే ఆరేడు రెట్ల కరెంటు పోయేది సరిగ్గా ఆ సెకన్లలోనే. ఎక్కే టైమ్ కన్నా రిలే టైమ్ ఎక్కువ ఉండాలి, బిగుసుకున్న రోటర్‌ని మోటార్ తట్టుకునే టైమ్ కన్నా తక్కువ ఉండాలి. ఆ తట్టుకునే టైమ్ చల్లగా ఎంత, వేడి మీద ఎంత అన్నది డేటాషీట్‌లో ఉంటుంది. అది చూడకుండా క్లాస్ 20 కూడా వెయ్యొద్దు. ఇంకోమాట: ఆన్ చేసిన క్షణంలోనే పడిపోతుంటే అది థర్మల్ రిలే పని కాదు, బ్రేకర్‌నో ఎర్త్ ఫాల్ట్‌నో చూడాలి.

బ్లోయర్ రూమ్:
అన్నలూ, చూశాను. పోయిన నెల దాకా బాగానే ఎక్కేది. స్టార్టింగ్‌లో టెర్మినల్స్ దగ్గర ఒక ఫేజు జతలో 415 నుంచి 352కి పడుతోంది, మిగతా వాటిలో అంత లేదు. సప్లై ఆపి చూస్తే కాంటాక్టర్ (మోటార్‌కు సప్లై కలిపే స్విచ్) కింద ఒక లగ్గు (కేబుల్ చివరి లోహపు బిగింపు) నల్లబడి, ఇన్సులేషన్ ముడుచుకుపోయి ఉంది. కేబుల్ కొస కోసి కొత్త లగ్గు క్రింప్ చేశాను. ఇన్‌లెట్ డ్యాంపర్ (గాలి లోపలికొచ్చే దారి తలుపు) కూడా తెరిచి ఉంచి స్టార్ట్ చేస్తున్నారు, లోడ్ తగ్గేలా మూయించాను. డయల్ 40లో ఉండగానే ఆరు సెకన్లలో స్పీడ్ అందుకుంది. కానీ ఆపి వెంటనే వేస్తే మళ్లీ ట్రిప్.

లైన్ మెయింటెనెన్స్:
చూశారా, క్లాస్ 20 ఎలాగూ తప్పదు.

రీవైండింగ్ షాపు:
వేడి మీదున్న మోటార్‌ని మళ్లీ వెంటనే వెయ్యడానికి క్లాస్ 20నా? రిలేలో వేడికి వంగి ట్రిప్ చేసే ఆ బైమెటల్ పట్టీ ఇంకా వేడిగా ఉందంటే వైండింగ్ కూడా వేడిగానే ఉంది. చాలా మోటార్లకు చల్లగా ఉన్నప్పుడు వరుసగా రెండు స్టార్టులు, పూర్తి వేడి మీద ఒక్కటే అనుమతి. రిలే చల్లబడే దాకా ఆగండి.

ప్యానెల్ బిల్డర్:
ప్రాసెస్ ఆగడానికి వీల్లేకపోతేనే క్లాస్ 20 మాట, అదీ వేడి మీద తట్టుకునే టైమ్ సరిపోతేనే. డేటాషీట్‌లో ఆ రెండు అంకెలు చూసి ఇక్కడ పెట్టండి, తర్వాత తేలుద్దాం.