పెట్ట పెట్టే పెట్టెకు మీవైపు పేరేంది?

చంద్రగిరి నుంచి:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక మాట దగ్గర 1800 రూపాయలు పోగొట్టుకున్నాను, అందుకే అడుగుతున్నాను.

ఇంటి వెనక ఆరు నాటుకోళ్ళు ఉండాయి. ఒకటి కట్టెల మోపు వెనక గుడ్డు పెడుతుంది, ఇంకోటి పక్కింటోళ్ళ గడ్డివామిలో. రోజూ పొద్దున మా అమ్మకు గుడ్ల వేట. చిన్న అరలు చేయిస్తే అక్కడికే పోతాయి కదా అని వడ్రంగిని పిలిచి, "కోళ్ళకు గూడు కావాలబ్బా" అన్నాను. మూడు రోజులకు తెచ్చినాడు. మూడడుగుల పొడవు, ఇనుప జాలీ, తలుపు, దానికి గడియ, తాళం వేసుకునే కొక్కెం కూడా. రాత్రిపూట కోళ్ళను మూసిపెట్టే గూడు! అది మాకు ముందే ఉంది. ఆయన తప్పేం లేదు, మా ఊళ్ళో కోళ్ళ గూడంటే అదే.

మరి పగటిపూట కోడి ఎక్కి, గుడ్డు పెట్టి, అరుచుకుంటా దిగొచ్చే చోటుకు పేరేంది? మా అవ్వ ఓటి కుండను సగానికి కొట్టి, ఇసక పోసి పశువుల కొట్టంలో మూలన పెట్టేది. దానికి పేరు పెట్టినట్టు గుర్తులేదు. "కుండలో చూసిరా పోరా" అనేది, అంతే. వడ్రంగి దగ్గర నెస్ట్ బాక్స్ అంటే ఆయన నన్నే అడుగుతాడు, అదేంది సామీ అని.

పలమనేరు నుంచి:
అన్నా, మావైపు గూడంటే ముందు పట్టుగూడు గుర్తొస్తాది, కోడి ఆ తర్వాతే. మా ఇంట్లో అయితే గుడ్ల గంప అంటాం. కోళ్ళను మూసేదీ గంపే, గుడ్లు పెట్టేదీ గంపే. బోర్లిస్తే జైలు, వెల్లకిలా పెడితే పురిటిల్లు.

చిత్తూరు నుంచి:
పెట్ట పెట్టే పెట్టె. తీరిపోయింది కదన్నా!

చంద్రగిరి నుంచి:
బాగుంది తమ్ముడూ. కానీ వడ్రంగికి ఫోన్లో మూడుసార్లు చెప్పాలి, ఆయన మూడుసార్లూ "ఏం పెట్టాల?" అంటాడు.

మదనపల్లె నుంచి:
పొదుగుపెట్టె అనండి. అచ్చ తెలుగు, ఎవరికైనా అర్థమవుతుంది.

చంద్రగిరి నుంచి:
అక్కా, అక్కడే నాకు పేచీ. గుడ్డు పెట్టడం వేరు, పొదగడం వేరు. పెట్టే కోడి కాసేపు కూర్చుని దిగిపోతుంది. పొదుగుకొచ్చిన కోడి 21 రోజులు కదలదు, మిగతావాటిని పొడిచి తరుముతుంది. దానికి వేరే చోటు చూడకపోతే పెట్టె మొత్తం దానిదే. పైగా పొదుగంటే ఆవు పొదుగు కూడా. పుంగనూరు ఆవు ఎంత పొట్టిదైనా పెట్టెలో పట్టదు.

తిరుపతి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
బాబూ, గూడును అంత తొందరగా వదులుకోవద్దు. మట్టిగోడల ఇళ్ళలో దీపం పెట్టుకునే అరను ఏమనేవాళ్ళం? గూడే కదా. "గూట్లో దీపం, నోట్లో ముద్ద" అన్న సామెతలో ఉన్నది ఆ గూడే. చూడండి, గూడు గూటి అయింది, నోరు నోటి అయింది. రెండూ విభక్తి ముందు టి చేరే మాటలే (వ్యాకరణంలో ఔపవిభక్తికాలంటారు) కనకనే ఆ సామెతకు అంత ఊపు వచ్చింది. ఆ దీపపు గూటిని ఒకసారి కళ్ళముందు పెట్టుకోండి. మూడువైపులా మూత, ఒకవైపు తెరపి, లోపల కాస్త చీకటి. కోడి వెతుక్కునేదీ అలాంటి చోటే. పిచ్చుక గూటికి తలుపు లేదు, గూడుబండికి లేదు. మీ ఊరి కోళ్ళ గూటికి తలుపు పెట్టించింది నక్కలూ పిల్లులూ, తెలుగు భాష కాదు.

కుప్పం నుంచి, టీచరమ్మ:
మాస్టారు చెప్పింది నిజమే గానీ మా ఊళ్ళో గూడు అన్నా గొడవే. తమిళం మాట్లాడే పక్కింటావిడ "కోళిక్కూడు" అంటుంది. కొత్తగా వచ్చిన మా కోడలు దాన్ని కోడికూరా అన్నమూ అనుకుంది! మన గూడు తమిళంలో కూడు. మరి మన కూడు అక్కడ ఏమవుతుంది? కూళ్, అంటే అంబలి. మనం డ పలికే కొన్ని చోట్ల వాళ్ళకు ఆ నాలుక మడిచే ళ లాంటి అక్షరం వస్తుంది. కోడి కోళి, ఏడు ఏళు, కూడు కూళ్, అన్నీ ఒకే వరస. గూడు మాత్రం ఆ వరసలోది కాదు. అక్కడ డ అట్లే ఉంది, మొదటి అక్షరమే మారింది. కన్నడంలో అయితే కోళి, కూళు, కానీ గూడు మనలాగే గూడు. కూడు, గూడు, గుడ్డ అని మనం ఒక్క ఊపిరిలో అనేస్తాం గానీ, మా సరిహద్దు మీద నిలబడి అంటే ఆచితూచి అనాల్సిందే.

చంద్రగిరి నుంచి:
అమ్మా, ఈ ళ-డ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ ఇట్ల చెప్పలేదు. దండాలు.

మాస్టారూ, మీ దీపపు గూడు మాట విన్నాక మళ్ళీ వడ్రంగి దగ్గరికి పోలేదు. హోటలాయన దగ్గర 15 కిలోల ఖాళీ నూనె డబ్బాలు రెండు తెచ్చుకున్నాను. నాలుగైదు కోళ్ళకు ఒకటి చాలంటారు, మా ఆరింటికి రెండు. పలకతో చేస్తే 12 అంగుళాల చదరం ఉండాలి, డబ్బా దానికంటే ఇరుకే, కానీ నాటుకోడికి సరిపోయింది. పైమూత కోసి, అంచులు సుత్తితో లోపలికి మడిచినాను (మడవకముందు నా వేలే తెగింది), పక్కకు పడుకోబెట్టి వాకిట్లో 4 అంగుళాల చెక్క అడ్డం పెట్టినాను. అది లేకపోతే గడ్డీ గుడ్డూ రెండూ కిందికి దొర్లుతాయి. లోపల వేరుశెనగ పొట్టు, దానిమీద వరిగడ్డి.

మొదటి వారం ఎత్తులో కట్టి దెబ్బతిన్నాను. అవి రాత్రి ఎక్కి పడుకునే కొయ్య కంటే డబ్బా పైన ఉండేసరికి, ఎత్తైన చోటే నిద్రకు కావాలి కదా వాటికి, రెండు కోళ్ళు డబ్బాలోనే పడుకున్నాయి. తెల్లారి చూస్తే లోపలంతా రెట్ట. ఇప్పుడు నేల నుంచి అడుగున్నరకు దించినాను, కొయ్య పైకి పోయింది. గుడ్డొకటి తీయకుండా లోపలే వదిలితే మూడో రోజుకు గడ్డివామి కోడి కూడా వచ్చింది.

పేరు సంగతి: నేను మాస్టారి మాట పట్టుకుని గుడ్ల గూడు అంటున్నాను. మా అమ్మ మాత్రం పొద్దున్నే "డబ్బాలో చూడ్రా" అంటోంది.

తిరుపతి నుంచి, రిటైరైన తెలుగు మాస్టారు:
అమ్మగారి మాటే నిలుస్తుందిలే. కానీ ఏప్రిల్ వచ్చేలోపు ఆ డబ్బాలను నీడకు మార్చండి. మన ఎండకు రేకు కాలిందంటే కోడి మళ్ళీ గడ్డివామికే పోతుంది. పైన తడిపిన గోనెసంచి కప్పినా మేలే.